ఆరో లైను

ఇంకా గంట ఉంది. పన్నెండు కొట్టింది, ఒంటిగంటకి కాగితాలు లాగేసుకోవాలి, ఈలోగా నేను చేయాల్సిందేమీ లేదు, అదీ నా బాధ. చదవకూడదు, ఫోను ముట్టకూడదు, అదేపనిగా కూర్చోకూడదు, ఎవరి వెనకా ఆగి నిలబడకూడదు, పిల్లలు బెదిరిపోతారు. ఏ మహాతల్లి రాసిందో గానీ ఈ రూల్సు అని ఇందాకటి నుంచి తిట్టుకుంటున్నాను, తీరా గుర్తొస్తే రాసింది నేనే, పదేళ్ళ కిందట పరీక్షల సంఘంలో ఉన్నప్పుడు. ప్రొఫెసర్లు ఇన్విజిలేషన్‌కి రారు, పెద్దరికం అడ్డొస్తుంది. కెమిస్ట్రీ ఆయనకి జ్వరమట, సప్లిమెంటరీయే కదా, నలభై మందే కదా, ఫిజిక్సులో మీ పేపరే కదా, ఎలాగూ మీరు అందుబాటులో ఉండాలి కదా మేడమ్ అని నాలుగు ‘కదా’లు చెప్పి చీఫ్ నన్ను తెచ్చి ఈ కుర్చీలో పడేశాడు. చీఫ్ అంటే పరీక్షల చీఫ్ సూపరింటెండెంటు. ఈ పేపరు నా చేతికొచ్చిన మొదటి ఏడాది నా స్టూడెంటు, ఇప్పుడు మా డిపార్టుమెంటులోనే పనిచేస్తున్నాడు, జుట్టంతా పోయి చూడ్డానికి నాకు అన్నయ్యలా ఉంటాడు. సరే, కూర్చున్నాను, లేచాను, నడిచాను, మళ్ళీ కూర్చున్నాను. నలభై తలలు వంగి ఉన్నాయి, పైన మూడో ఫ్యాను కిచకిచమంటోంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఇలా నోరు మూసుకుని పిల్లల్ని చూడ్డం ఇదే మొదలేమో. క్లాసులో నేను చూసేది బోర్డుని, గడియారాన్ని, ఆవలించేవాణ్ణి, అంతే. వాగుతూనే ఉంటాను, ఆగితే క్లాసు జారిపోతుందని భయం. ఇప్పుడు చూస్తుంటే ఎంతమంది, ఎన్ని రకాలు, ఒకతను పెన్ను వెనకభాగం నమిలేస్తున్నాడు, ఒకమ్మాయి వేళ్ళు లెక్కపెడుతోంది, మూడో వరసలో కళ్ళజోడు కుర్రాడు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ రాస్తున్నాడు, ఏమంటున్నాడా అని ఆ పక్కగా వెళ్తే, నా మాటలే, నా వాక్యాలే, నా గొంతులోని యాసతో సహా. ఒకచోట టక్కున ఆగి గుటక వేశాడు. అది నేను క్లాసులో సీసా ఎత్తి నీళ్ళు తాగే చోటు. ఓరి నాయనో, నేను నీళ్ళు తాగిన సంగతి కూడా బట్టీ పట్టాడు వీడు! నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను, తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. సోమవారం నేను ఇవ్వాల్సిన నివేదిక ఉంది, బోధన మెరుగుపరచడం ఎలా అని, సంఘానికి అధ్యక్షురాలిని కూడా నేనే, నలభై రెండు పేజీలు, కొత్త తెరలు, కొత్త బోర్డులు, హాజరు యంత్రాలు, పిల్లలతో నింపించుకునే అభిప్రాయ పత్రాలు, ఒకటా రెండా. మా ఆయన రైల్వేలో సిగ్నల్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, కూర్చుని మొత్తం చదివి, అంతా బావుందోయ్, పిల్లలు ఏ పేజీలో వస్తారు అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఆయన ఆ రెండు రోజులూ హాయిగా పేపరు చదువుకున్నాడు.

కిటికీ పక్కన నాలుగో బెంచీలో అమ్మాయి రాయడం లేదు. పన్నెండుకే పెన్ను మూత పెట్టేసింది, పన్నెండూ పది దాటినా మూత తీయలేదు. అయిపోయిందేమో అనుకున్నాను, అయిపోతే వెళ్ళిపోవచ్చు కదా. నిద్రా అంటే కళ్ళు బార్లా తెరిచే ఉన్నాయి, కాగితం మీద ఒకేచోట పెట్టిన చూపు పెట్టినట్టే ఉంది. నీళ్ళావిడ గ్లాసు పెట్టి వెళ్ళింది, అదీ చూడలేదు. నడుస్తున్నట్టే నడుస్తూ పక్కనుంచి పోయాను. నాలుగో ప్రశ్న, ఇరవై మార్కులది, వదిలేయడానికి వీల్లేనిది: ఒక చివర వేడిచేసిన ఇనుప కడ్డీలో వేడి ఎలా పాకుతుందో తెలిపే సమీకరణాన్ని తరగతిలో చెప్పిన పద్ధతిలో రాబట్టండి. అయిదు లైన్లు ముత్యాల్లా రాసింది, ఆరోది ఖాళీ, అక్కడ పెన్ను మొన ఆనించిన చుక్క, అంతే. ఒక అడుగు దాటినదాన్ని వెనక్కి తిరిగి మళ్ళీ చూశాను, ఎందుకంటే ఈ అయిదు లైన్లూ ఈ చుక్కా నేను ఇదివరకు చూశాను.

ఈమే. కిందటి పరీక్షలో ఈమే. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి, అయినా నెల కిందట నా గదికొచ్చింది కదా, మార్కుల జాబితా పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, “మేడమ్, ఒక్క నిమిషం” అంటూ. నాలుగు మార్కుల్లో పోయింది. అప్పుడు నేను నివేదికలో పదిహేడో పేజీ రాస్తున్నాను, విద్యార్థులకు అధ్యాపకులు అందుబాటులో ఉండవలసిన అవసరం అని, నిజంగా, ఒట్టు, ఆ పేజీయే. తల ఎత్తకుండా ఏంటమ్మా అన్నాను. “ఆరో లైను నాకు దిగట్లేదు మేడమ్.” “దిగకపోతే గ్లాసుడు నీళ్ళు తాగి మింగు, అందరూ మింగట్లేదూ?” అన్నాను, నా హాస్యానికి నేనే మురిసిపోయాను కూడా. ఆమె నవ్వలేదు. “మా నాన్నది వెల్డింగ్ షాపు మేడమ్, చిన్నప్పటి నుంచి కడ్డీ రెండో చివర నేనే పట్టుకునేదాన్ని, వేడి నా చేతి దాకా వచ్చేది, గుడ్డ చుట్టుకుని పట్టుకునేదాన్ని. మీ లైను చూస్తే...” “నోట్సులో ఉంది కదా, అర్థం కాకపోతే పదిసార్లు చదువు.” “అర్థమవుతోంది మేడమ్. అందుకే దిగట్లేదు.” పొగరు అనుకున్నాను. వెళ్ళేముందు, టీచరు ట్రైనింగులో సీటొచ్చిందనీ, ఈ ఒక్క పేపరే అడ్డమనీ, ఇదే ఆఖరి అవకాశమనీ, ఈసారి పోతే సీటు పోతుందనీ చెప్పింది. అయితే శ్రద్ధగా చదువుకో అన్నాను. తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది, చప్పుడు కాకుండా.

ఏముందబ్బా అంత దిగనిది ఆ లైనులో, అనుకుంటూ కుర్చీలో కూలబడి, సీటింగ్ ప్లాను వెనక్కి తిప్పి నా ఎర్ర పెన్నుతోనే మొదలుపెట్టాను. పిల్లలు నన్ను ఎర్రసిరా అంటారు, తెలుసు నాకు. ఒకటి, రెండు, మూడు, కలం దానంతటదే పోతోంది, ఇరవై రెండేళ్ళ అలవాటు, అయిదు, ఆరు కూడా రాసేసింది చేయి, నేను ఆపేలోపే. చూశాను. బాగానే ఉంది. ఏడుకి వెళ్ళబోయి కిటికీ వైపు చూస్తే ఆమె ఇంకా అక్కడే, ఆ చుక్క దగ్గరే ఉంది. అంతలో ఎక్కణ్ణుంచో మా మనవరాలు గుర్తొచ్చింది, నిన్న పొద్దున వేడిపాల గ్లాసులో చెంచా వేసి, పైకొస ముట్టుకుని, చటుక్కున చేయి లాక్కుని, ఏడవడం మానేసి నన్ను అడిగింది, “అమ్మమ్మా, పాలు వేడిగా ఉన్నాయని చెంచాకి ఎవరు చెప్పారు?” అయిదేళ్ళు దానికి. నేను పళ్ళు తోముకో ముందు అన్నాను. ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, పాల దగ్గరున్న రేణువు పక్కదాన్ని కుదిపింది, అది దాని పక్కదాన్ని, అలా ఒకదాన్నొకటి కుదుపుకుంటూ కింది నుంచి పైకి, వేడి వైపు నుంచి చల్లటి వైపుకి, దాని చిట్టి వేళ్ళ దాకా. వేడి వైపు నుంచి చల్లటి వైపుకి. ఆరో లైను చెప్పాల్సింది అదొక్కటే. ఎటు చల్లగా ఉంటే అటు పోతుంది కాబట్టి అక్కడ ఒక మైనస్ ఉండాలి, ఒక చిన్న అడ్డగీత. నా కాగితం మీద ఆ గీత లేదు. నా లైను ప్రకారం చెంచా పైకొస నుంచి వేడి దిగి పాలల్లోకి పోతుంది. వెల్డింగ్ షాపులో ఆ పిల్ల చేతిలోంచి వేడి బయల్దేరి మంటలోకి పోతుంది. దేవుడా.

కంగారులో మర్చిపోయానేమో ఇవాళ, అనుకున్నాను, ఎంత ఆశో చూడండి మనిషికి. నోట్సు ఇంట్లో ఉంది గానీ ఆ పేజీ నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, ఆ టీ మరకతో సహా, అక్కడా గీత లేదు. మరి జవాబు ఎలా వస్తోంది? ఆరు తప్పయితే చివర తలకిందులవ్వాలి కదా. తొమ్మిది దాకా రాసుకుంటూ వెళ్ళాను. కడ్డీలో చిన్న ముక్కని తీసుకుని, దాంట్లోకి వచ్చిన వేడిలోంచి బయటికి పోయిన వేడి తీసేయాలి. నేను పోయినదాంట్లోంచి వచ్చింది తీసేశాను. ఆరులో ఒక తిరకాసు, తొమ్మిదిలో ఇంకో తిరకాసు, రెండూ కలిసి ఒకదాన్నొకటి కప్పుకుని చివర్లో జవాబు మహా చక్కగా దిగింది. అప్పుడు గుర్తొచ్చింది, గుర్తు రాకపోయినా బావుండేది. మా అమ్మాయికి ఆరేళ్ళు, ఒళ్ళు పేలిపోతోంది జ్వరంతో, తొమ్మిదికి క్లాసు, మంచం పక్కన కూర్చుని నేను చదువుకున్నప్పటి పాత నోట్సు కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను, ఎడంచేత్తో దాని నుదుటి మీద తడిగుడ్డ, కుడిచేత్తో కలం. గీత జారిపోయింది. చివర జవాబు తలకిందులుగా వచ్చింది. ఎనిమిదిన్నర. ఎక్కడ పోయిందో వెతికే టైము లేదు, తొమ్మిదో లైను అటుదిటు తిప్పేశాను. జవాబు రాలేదు, రప్పించాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఇదిగో, ఇవాళ పన్నెండూ ఇరవైకి వచ్చింది. ఆ పొద్దున నా అరచేతి కింద గుడ్డ వేడెక్కుతూనే ఉంది, బిడ్డ ఒంట్లోంచి నా చేతిలోకి వేడి వస్తూనే ఉంది, నా రెండో చేయి మాత్రం ఎదురు రాసింది.

ఏడాదికి అరవై మంది, ఇరవై రెండేళ్ళు. పదమూడు వందల మంది ఆ గీత లేకుండా రాశారు, ఆ తిరకాసు తిప్పారు, అందరికీ ఇరవైకి ఇరవై వేశాను, భేష్ అని కూడా రాశాను కొందరికి. ఒక్కరూ ఆరో లైను దగ్గర ఆగలేదు, నేను మాత్రం ఆగానా? చివరి లైను చూసి మార్కులు వేశాను, రోజుకి నలభై పేపర్లు దిద్దాలి మరి. ఈ అమ్మాయి ఆగింది. కిందటిసారి అయిదు లైన్ల కింద ఏదో రెండు ముక్కలు రాసింది కూడా, ఏమిటబ్బా, ఆఁ, “దీని ప్రకారం వేడి చల్లటి వైపు నుంచి వేడి వైపుకి వెళ్తుంది. అలా వెళ్ళదు. సరిచేస్తే జవాబు తలకిందులుగా వస్తోంది. నాకు తెలిసినంత ఇంతే.” దాని పక్కన నేను ఎర్రసిరాతో రాసింది రెండే మాటలు, ‘మిగతాది ఏది?’ రెండు మార్కులు వేశాను, అయిదు లైన్లకి. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి, కుర్చీలోంచి లేచి నిలబడితే ఎవరైనా చూస్తారేమోనని లేవలేదు. ఇంత చదువూ చదివి, ఇన్ని సంఘాల్లో కూర్చుని, పిల్లలు ప్రశ్నించడం లేదని ముప్ఫైమూడో పేజీలో వాపోయాను నేను. ప్రశ్న నా గుమ్మం దాకా వచ్చి నిలబడితే మంచినీళ్ళు తాగి మింగమన్నాను.

ఇప్పుడు చూడండి ఆమెని. మీకు చూపించగలిగితే ఎంత బావుండేది. ఇంకా రాయలేదు. నా నోట్సు ఆమెకి నోటికొచ్చు, అయిదు లైన్లు తు.చ. తప్పకుండా ఉన్నాయి, మిగతా ఏడు లైన్లు నాలుగు నిమిషాల పని. రాసేస్తే పాసు, సీటు, ఉద్యోగం, నాన్న ముఖంలో వెలుగు. రాయకపోతే అన్నీ పోతాయి. దిద్దేది కూడా నేను కాదు ఈసారి, బయటి ఊరి వాళ్ళు, నేను రాసిచ్చిన జవాబుల పట్టిక పక్కన పెట్టుకుని దిద్దుతారు, ఆరో లైనుకి మూడు మార్కులు, తొమ్మిదికి నాలుగు అని లెక్కగా రాసిచ్చాను. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసీ ఇరవై నిమిషాలుగా ఆ చుక్క దగ్గర ఉంది. చేయి ఒకసారి లేచింది, మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఎడంచేతి వేళ్ళు మాత్రం బెంచీ అంచుని పట్టుకుని ఉన్నాయి, గట్టిగా, కడ్డీ పట్టుకున్నట్టే. ఇన్నేళ్ళూ చదువు అని నేను వెతికింది ఇదేనా, నా ఎదురుగా నాలుగో బెంచీలో నోరు మెదపకుండా కూర్చుంది ఇదేనా. చేతికి తెలిసినదాన్ని కాగితం మీద అబద్ధమని రాయలేక ఆగిపోవడం ఎంత గొప్ప సంగతి. ఇంత గొప్పది నా కళ్ళముందు జరుగుతుంటే దానికి మార్కులు వేసే గడి నా పట్టికలో ఎక్కడా లేదు. నలభై రెండు పేజీలూ చింపేసి ఒక్క వాక్యం రాయాలనిపించింది, ప్రతి పిల్లనీ అడగండి నువ్వెక్కడ ఆగావు అని, ఆగిన చోటికి మార్కులు వేయండి. మా ఆయన అడిగిన పేజీ అదే. ఆయనకి చెప్పాలి, కాస్త బెట్టు చేసి చెప్పాలి.

చెప్పడం సరే, ఇప్పుడేం చేయాలి? ఆమెతో మాట్లాడకూడదు, మాట్లాడితే ఆమె పేపరే రద్దవుతుంది. కళ్ళతో సైగ చేసినా తప్పే. నలభై నిమిషాలు లేవు. తర్వాత చూద్దాంలే అన్న మాట మళ్ళీ నాలుక చివరి దాకా వచ్చింది, అచ్చం అప్పటిలాగే, నాకే భయం వేసింది. అప్పుడు తట్టింది, హాల్లో ప్రొఫెసరు నోరు తెరవడానికి ఒక్క దారి ఉంది, ప్రశ్నపత్రంలో సవరణ. నాలుగో ప్రశ్నలో ‘తరగతిలో చెప్పిన పద్ధతిలో’ అన్న మాటలు ఎనిమిదేళ్ళ కిందట నేనే ఇరికించాను, తలా ఒక దారిలో రాస్తే దిద్దడం కష్టమని. నీళ్ళావిడని పంపి చీఫ్‌ని పిలిపించాను. గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “ఏంటి మేడమ్, కాపీ కొడుతూ ఎవరైనా దొరికారా?” అన్నాడు.

“దొరికారు. నేనే. ఆ సవరణల రిజిస్టరు ఇలా ఇయ్యి.” కారణం అన్న గడిలో రాశాను: తరగతిలో చెప్పిన పద్ధతి తప్పు. ఇరవై రెండేళ్ళుగా చెప్పింది నేను. కింద సంతకం చేశాను. అతను చదివాడు, నా సీటింగ్ ప్లాను వెనక లెక్క చూశాడు, ఆరో లైను దగ్గర అతని పెదాలు కదిలాయి, అక్కడ వేలు పెట్టి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత చిన్నపిల్లాడి గొంతుతో, “మేడమ్, నాకు ఇరవైకి ఇరవై వేశారు” అన్నాడు. తెలుసయ్యా అన్నాను. “రెండో సెక్షనుకి నేనూ ఇదే చెప్తున్నాను, పన్నెండేళ్ళ నుంచి.” “అదీ తెలుసు.” బోడిగుండు నిమురుకున్నాడు. “మరి మీ నోట్సు ప్రకారం రాసినవాళ్ళ గతేంటి?” “మార్కులు వేయాలి, తప్పు నాది, వాళ్ళకెందుకు శిక్ష? పట్టిక మార్చి ఇస్తాను సాయంత్రానికి.” “సోమవారం మీ నివేదిక ఉంది మేడమ్. అది చూసే పైవాళ్ళ బల్ల మీదకే ఈ రిజిస్టరూ వెళ్తుంది.” “వెళ్ళనీ. నా పేజీల కంటే పొట్టిగా ఉంది, చదువుతారు.” నవ్వాలో వద్దో తెలియక, సంతకం పెట్టి, హింటు మాత్రం ఇవ్వకండి మేడమ్ అని, పక్క హాల్లోనూ సవరణ చెప్పడానికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

బల్ల తట్టాను. నలభై తలలు లేచాయి. “నాలుగో ప్రశ్నలో ‘తరగతిలో చెప్పిన పద్ధతిలో’ అన్న మాటలు కొట్టేసి చదువుకోండి. సరైనది అని మీకు తోచిన ఏ పద్ధతిలోనైనా రాయొచ్చు.” కళ్ళజోడు కుర్రాడు కంగారుగా, “మేడమ్, తరగతిలో చెప్పినట్టు రాసేస్తే మార్కులు వేయరా?” అన్నాడు. వేస్తారు నాయనా అన్నాను. హమ్మయ్య అని హాలంతా వినబడేలా ఊపిరి వదిలాడు, అందరూ నవ్వారు. కిటికీ దగ్గర అమ్మాయి నవ్వలేదు. నావైపు చూసింది, సూటిగా, రెప్ప వేయకుండా, అడుగుతున్నట్టు. నేను జవాబు చెప్పకూడదు. ఎర్రసిరా ఎవరి ముందూ తల దించదని ఈ బిల్డింగులో గోడలకి కూడా తెలుసు. ఆ చూపు ముందు నిలబడలేకపోయాను. తల దించుకున్నాను.

ఎంతసేపని చెప్పను. ఫ్యాను కిచకిచ. పెన్ను మూత తీసిన చప్పుడు, ఇంత హాల్లో ఆ చిన్న చప్పుడు నాకు వినబడింది. తర్వాత గరగరమని రాత, ఆగకుండా, ఎక్కడా ఆగకుండా. ఒంటిగంటకి పన్నెండు నిమిషాలుంది అనగా చేయి ఎత్తింది. “మేడమ్, అడిషనల్ షీటు.”

తీసుకెళ్ళాను. ఇన్విజిలేటరు సంతకం లేనిదే అడిషనల్ చెల్లదు, నా దగ్గరున్నది ఎర్ర పెన్నే, ఆ తెల్ల కాగితం మూల మీద సంతకం పెట్టాను. ఇది రద్దు చేస్తారా మేడమ్, ఎరుపు కదా అని కూడా ఆమె అడగలేదు, థాంక్స్ అనే తీరిక కూడా లేదామెకి, నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుంది. ఆ కాగితం మీద, నంబరు కూడా వేయకముందే, తొమ్మిదో లైను మొదలుపెట్టింది. వచ్చిన వేడి రాసింది, ఒక చిన్న అడ్డగీత గీసింది, పోయిన వేడి రాసింది. ఎవరి వెనకా ఆగి నిలబడకూడదు, రూలు. నేను నిలబడ్డాను.